పసుపు ఎర్రబడిన జాబు

"ఈ జాబును నీకంటే ముందు ఇంకొకరు చదివినారమ్మా."

పద్మనాభయ్య భూతద్దం పక్కన పెట్టి ఆ మాట అనేసరికి అజ్మత్ బీ ఆ జాబు వైపు చెయ్యి చాపింది. కొడుకు రాసిన జాబు అది. చదువు రాని తల్లి దాన్ని చదివించుకుని, కళ్లకద్దుకుని, బియ్యం డబ్బాలో దాచుకుంది. అంతకుముందే ఎవడో దాన్ని విప్పి, చదివి, మళ్లీ అతికించాడని తెలిసి ఆవిడకు ఒళ్లంతా కంపరమెత్తింది.

"ఎవరు సామీ? యాడ చదివినారు?"

"అది కనుక్కునేదానికే గదా నన్ను పిలిపించినావు. ఈడ చూడు. సర్కారు కవరుకు జిగురు వాళ్లే పూసి ఇస్తారు. తడిపితే అంటుకుంటాది, పల్చగా ఉంటాది. ఇది మైదాపిండి ఉడకబెట్టిన జిగురు. ఆఫీసుల్లో కాగితాలు అతికించేది. ఆవిరి పట్టి విప్పినారు, పని చూసుకోని దీంతో మూసినారు."

పద్మనాభయ్య గాలిలో బాణాలు వేసే రకం కాదు. రైల్వే మెయిల్ సర్వీసులో పద్దెనిమిదేళ్లు కదిలే రైలు పెట్టెలో నిలబడి జాబులు వేరుచేసిన మనిషి. ఆ ఉద్యోగం వదిలి ప్రొద్దుటూరులో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెడితే ఊరంతా నవ్వింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ నవ్విన పెద్దమనుషులే ఒక్కొక్కరూ చాటుగా వచ్చి ఆయన గడప తొక్కారు.

కేసు మాత్రం నవ్వులాట కాదు. మూడు నెలల క్రితం పులివెందుల బస్టాండులో, సాయంత్రం నాలుగింటికి, జనం కిటకిటలాడే వేళ ఒక గుమాస్తాను పొడిచి చంపారు. అక్కడ వందమంది ఉన్నారు. తొంభైతొమ్మిది మంది ఏమీ చూడలేదన్నారు. గొడుగులు బాగుచేసుకునే అలీ అహ్మద్ ఒక్కడే చూశానన్నాడు, పొడిపించిన కంట్రాక్టరు పేరు కూడా చెప్పాడు. ఆ రోజు నుంచి అతని బతుకు పరుగే. మైదుకూరులో దాక్కుంటే వెతుక్కుంటూ ఇద్దరొచ్చారు. పెద్దముడియం చేరితే అక్కడికీ వచ్చారు. రెండుసార్లూ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. రెండుసార్లూ అతను తల్లికి రాసిన జాబు ప్రొద్దుటూరు చేరిన మర్నాడే వాళ్లు దిగారు. రేపు, శుక్రవారం, ఉదయం పదకొండింటికి అతను కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అతను రాకపోతే కేసు లేదు. ఈలోగా వాళ్లకు చిక్కితే అజ్మత్ బీకి కొడుకే లేడు.

"జాబులు నీకు చదివి చెప్పేది ఎవరమ్మా?"

"ఇంకెవరు? ఈ టీచరమ్మే." అజ్మత్ బీ వాకిలి పక్కన చాపమీద కూర్చున్న విశాలాక్షి వైపు చెయ్యి చూపింది. పక్కింటి కోడలు, ఎలిమెంటరీ స్కూలు టీచరు. "మా వీధిలో ఆడోళ్లందరికీ ఈ యమ్మే చదువుతాది, ఈ యమ్మే రాస్తాది. నా కడుపున పుట్టకపోయినా నా బిడ్డే."

పద్మనాభయ్య ఆమె వైపు తిరిగాడు. "చదివినాక ఎవరికన్నా చెప్పినారా?"

"మా ఇంటాయనకు కూడా చెప్పలేదు సార్," అంది విశాలాక్షి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ.

అజ్మత్ బీ ఆగలేకపోయింది. "ఆ సంగతులన్నీ ఎనక చూసుకుందాం సామీ. రేపు నా కొడుకు ఎట్ల వస్తాడు? బస్సెక్కితే బతకనిస్తారా?"

పద్మనాభయ్యకు మంచి గుణాలు చాలా ఉన్నాయి. తన తెలివిని లోపల దాచుకోవడం వాటిలో లేదు. మీసం కింద చిన్నగా నవ్వాడు.

"రేపు కాదు, ఈ పొద్దే వస్తాండాడు. బస్సు లేదు, జాబు అసలే లేదు. మొన్న నువ్వు కబురు పెట్టినప్పుడే మనిషిని పంపి నోటిమాటగా చెప్పించినా. ఖాదర్ బండి తెల్లారకముందే జమ్మలమడుగులో కదిలింది. పత్తి బోరేల మధ్య నీ కొడుకు పడుకోనుంటాడు. రోడ్డు మీద కాదు, పెన్న ఒడ్డు బండిదారిలో. పన్నెండుకు పత్తి మిల్లు ఎనక దిగుతాడు. నోటిమాటకు ఆవిరి పట్టి విప్పేవాడు ఇంకా పుట్టలేదమ్మా!"

అజ్మత్ బీ రెండు చేతులూ ఎత్తి దువా చేసింది. పద్మనాభయ్య గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ యాభై అయిదు.

విశాలాక్షి లేచింది. "స్కూలుకు లీవు చీటీ పంపల్ల సార్. ప్యూను వీధి మలుపులో ఉంటాడు. ఇప్పుడే వస్తా."

పదీ అయిదుకు తిరిగి వచ్చింది. చేతిలో ఒక కవరు ఉంది. ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి ఆయన ముందు పెట్టింది.

"ఇది నా జాబు సార్. మైదుకూరు నుంచి మా నాయన రాసినాడు, మా తమ్ముని పెండ్లి నిశ్చయమైందని. పది దినాలైంది. ఎవరికీ చూపించలేదు. మా అత్త చూస్తే నన్ను పెండ్లికి కూడా పంపదు."

పద్మనాభయ్య కాగితం విప్పాడు. శుభవార్త రాసిన జాబు గనుక నాలుగు మూలలా పసుపు పూశారు. మూడు మూలలు పచ్చగానే ఉన్నాయి. నాలుగోది నెత్తురు అంటినట్టు ఎర్రగా ఉంది, సరిగ్గా బొటనవేలంత మేర.

"అశుభం కదా సార్?" విశాలాక్షి అడిగింది.

పద్మనాభయ్యకు లేచి గంతు వేయాలనిపించింది. "ఏం అశుభం? దిష్టి తీసేదానికి ఎర్రనీళ్లు దేంతో కలుపుతారు టీచరమ్మా?"

"పసుపూ సున్నం..." అంటూనే ఆమె నోరు తెరిచింది.

"అంతే! ఆవిరి పట్టిన కాగితం తడిగా ఉంది. విప్పినవాని బొటనవేలికి సున్నం ఉంది. అది పసుపు మీద పడింది. వాడు పనిలో పడి చూసుకోలేదు, చూసుకున్నా తుడిస్తే పోయే మరక కాదు. అమ్మా, చిటికెడు పసుపు పొట్లం కట్టియ్యి."

"అంటే నా జాబులు కూడానా?"

"ఒక్క ఇంటివి కాదు. వీధి మొత్తం జాబులు చదువుతాండారు."

విశాలాక్షి గోడకు ఆనుకుంది. "పోయిన నెల మా అక్కకు ఒక జాబు రాసినా. వారం తిరక్కుండా జవాబిచ్చే మనిషి. ఇంతవరకు లేదు."

"పోస్టులో యాడనో పోయింటాదిలేమ్మా," అన్నాడు పద్మనాభయ్య. ఆయన మనసు అప్పటికే పోస్టాఫీసు మెట్లెక్కుతోంది.

"తొందరగా పట్టుకోండి సార్ వాణ్ని. ఈ పొద్దే పట్టుకోండి." ఆయన గొడుగు తనే తెచ్చి చేతికిచ్చింది. అలీ అహ్మద్ కోసమేనని ఆయన అనుకున్నాడు.

*

వీధి చివర ఒంటిగది బ్రాంచి పోస్టాఫీసు. పద్మనాభయ్య అడుగుపెట్టేసరికి పదీ ఇరవై అయిదు. పోస్టుమాస్టరు రహమతుల్లా ఎడం చేతి బొటనవేలి మీద సున్నం పెట్టుకుని, ఆకుకు రాస్తున్నాడు. దొరికాడురా దొంగ అనుకున్నాడు పద్మనాభయ్య. ఎదురుగా విశాలాక్షి జాబు విప్పి పెట్టి, "మీ బొటనవేలు ఈడ పెట్టండి," అన్నాడు.

పోస్టుమాస్టరు తెల్లబోయాడు. పక్కన సంచి సర్దుతున్న పోస్టుమాన్ మౌలాలి ఫక్కున నవ్వాడు.

"ఆ సాబుకు అద్దాలుంటే కూడా కవరు మీద అడ్రసు కనపడదు సామీ. నేను చదివి చెప్తే ముద్ర కొడతాడు. లోపలి జాబు యాడ చదువుతాడు?"

నిజమే. ముసలాయన కళ్లలో పొర తెల్లగా కనిపిస్తోంది. పద్మనాభయ్య సిగ్గుపడి, ఆ సిగ్గు కోపంగా మార్చుకుని మౌలాలి మీదకు తిప్పాడు.

"సంచి ఎన్ని గంటలకొస్తాది?"

"ఎనిమిదికి."

"నువ్వు జాబులు తీసుకోని వీధిలోకి పోయేది?"

"పదిన్నరకు."

"ఎన్ని జాబులుంటాయి?"

"ఎనభై. తొంభై."

"తొంభై జాబులు వేరుచేసేదానికి రెండున్నర గంటలా? నేను రైలు ఊగుతాంటే పావుగంటలో చేసేవాణ్ని. మిగతా పొద్దంతా అవి యాడుంటాయి మౌలాలీ?"

మౌలాలి నవ్వు ఆగిపోయింది. ముసలాయన వైపు చూశాడు. ముసలాయన ఆకు నోట్లో పెట్టుకోకుండానే తల దించుకున్నాడు.

"స్టేషనుకు పోతాయి సామీ," అన్నాడు మౌలాలి చివరికి. "ఉగాది నుంచి. ఎస్సైగారు చెప్పినాడు. అజ్మత్ బీ జాబు ఒక్కటే కావల్ల, కానీ ఒక్కటే తీస్తే నలుగురూ చూస్తారు, కట్ట మొత్తం గుడ్డలో కట్టి తెమ్మన్నాడు. వచ్చేవీ పోయేవీ రెండూ. నేనే మోస్తాండా. కాదంటే నౌకరీ పీకిస్తామన్నారు, ముగ్గురు బిడ్డలు నాకు."

"వీధిలో ఎవరికన్నా తెలుసా?"

"ఎవరికీ చెప్పలేదు. కానీ ఎట్లనో తెలిసిపోయింది. ఉగాదికి ముందు ఎర్రడబ్బాలో దినానికి నలభై జాబులు పడేటివి. ఇప్పుడు పదిహేను. అవి కూడా క్షేమం, మీ క్షేమం కోరుతాండాం, అంతే. కార్డు ముక్కలు. లోపలి మాటలు రాసేదే మానేసినారు జనం."

పద్మనాభయ్య గోడలవైపు చూశాడు. పొగచూరి నల్లబడి ఉన్నాయి. ఈ గదిలో ఎవరి వేలికీ తాంబూలం సున్నం తప్ప ఇంకో సున్నం అంటే అవకాశం లేదు. ఇంకో సున్నం! ఆ మాట తట్టగానే ఆయన గొడుగు చేతపట్టి వడివడిగా బయటపడ్డాడు.

*

స్టేషను ముందు నిచ్చెన వేసి ఇద్దరు కూలీలు గోడలకు సున్నం కొడుతున్నారు. పదీ యాభై. పద్మనాభయ్య ఆ గోడలను కళ్లారా చూసుకుని లోపలికి నడిచాడు.

సబ్ ఇన్‌స్పెక్టర్ కోదండరామయ్య గుంటూరు వైపు మనిషి. ఇస్త్రీ నలగని డ్రస్సు, పొగ, తాంబూలం ఏదీ అంటని తెల్లటి పళ్లు. లంచం తీసుకోడని పేరుంది. ఆ పేరు ఉన్నందువల్ల తను చేసేదేదీ తప్పు కాదన్న నమ్మకం కూడా ఉంది.

"రండి డిటెక్టివ్‌గారూ. ఎవరింట్లో చెంబు పోయింది?"

"చెంబు కాదు సార్. వీధి పోయింది. ఉగాది నుంచి మీ టేబుల్ మీదే ఉందంట, తీసుకుపోదామని వచ్చినా."

కోదండరామయ్య నవ్వు మాయమైంది. "మౌలాలి చెప్పాడా? సరే. విప్పించాను. నా సాక్షి నా మీద నమ్మకం లేక పారిపోయాడు. వాడెక్కడున్నాడో తెలియకపోతే వాణ్ని నేనెలా కాపాడేది? చావనివ్వమంటారా?"

"జాబు విప్పేదానికి సర్కారు ఆర్డరుండల్ల. కాగితం మీద. యాడుంది?"

"కాగితం వచ్చేలోపు శవం వస్తుందండీ! మంచివాడికి భయమెందుకు? ఆ వీధి ఆడవాళ్ల జాబుల్లో ఏం దేవరహస్యాలుంటాయి గనుక?"

"మీరు పోలీసులై ఆ జాబు చదివిన మర్నాడే హంతకులు ఆ ఊరికి పోయినారు సార్! రెండుసార్లు! మీరు కాపాడినారా, దారి చూపించినారా?"

కోదండరామయ్య దిగ్గున లేచాడు. బల్ల మీద లాఠీ దొర్లి కింద పడింది. "నోరు అదుపులో పెట్టుకోండి! నా స్టేషను నుంచి ఒక్క మాట బయటికి పోదు. విప్పేది అజ్మత్ బీ జాబు ఒక్కటే. విప్పేవాడు ఒక్కడే, నా రైటరు ఓబులేసు. పదిహేనేళ్ల సర్వీసు."

పద్మనాభయ్య విశాలాక్షి కవరు బల్లమీద పెట్టాడు. "అయితే ఇది ఎవరు విప్పినారు? ఇది అజ్మత్ బీది కాదు. మీ ఓబులేసు తాంబూలం వేసుకుంటాడా?"

"వాడు వక్కపలుకు కూడా ముట్టడు."

"గోడలకు సున్నం ఎన్ని దినాల నుంచి కొట్టిస్తాండారు?"

"పదిహేను రోజులు. సోమవారం ఇన్‌స్పెక్షను. గదికి రెండు పూతలు."

"తడిపిన సున్నం యాడ పెట్టినారు?"

కోదండరామయ్యకు విషయం అర్థమవుతున్నట్టుంది. గొంతు తగ్గింది. "రికార్డు రూములో."

"ఓబులేసు యాడ?"

"కడుపునొప్పని పదీ ఇరవైకి వెళ్లాడు."

ఇద్దరూ పక్కపక్కనే రికార్డు రూములోకి నడిచారు. కిటికీ లేని చిన్న గది. మూలన కిరసనాయిలు స్టవ్వు, దాని మీద సన్నమూతి కెటిలు. కొబ్బరిచిప్పలో మైదా జిగురు, అందులో బ్రష్షు. బల్లను ఆనుకునే సున్నం తొట్టి. కుర్చీ జరుపుకోవాలన్నా, కెటిలు అందుకోవాలన్నా ఆ తొట్టి అంచు మీద చెయ్యి ఆనించక తప్పదు. పద్మనాభయ్య చేతిగుడ్డ తడిపి, అజ్మత్ బీ ఇచ్చిన పసుపు రుద్ది, బల్ల అంచు తుడిచాడు. గుడ్డ మీద ఎర్రటి చారలు లేచాయి. సరిగ్గా మనిషి కూర్చుని రెండు చేతులూ ఆనించే చోట.

 కోదండరామయ్య తనే వెళ్లి పాత కేసుల కట్టలు లాగడం మొదలుపెట్టాడు. నాలుగో అరలో, దుమ్ము కట్టల వెనక, దుమ్ము లేని ఒక లాంగ్ నోటుబుక్కు దొరికింది.

అందులో వీధి మొత్తం ఉంది. ఇంటికో పేజీ. ఎవరి బిడ్డకు ఏ జబ్బు, ఎవరి కోడలు పుట్టింటికి ఏమని మొరపెట్టుకుంది, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నారు, అన్నీ గుండ్రటి చేతిరాతలో, తారీకు, టైముతో సహా. రైటరు ఉద్యోగం అలవాటు అది. చేతికొచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, అందిన టైము రాసి, ఫైలు చేస్తే తప్ప ఓబులేసుకు పని చేసినట్టుండదు. చేసేది దొంగపనైనా సరే.

పేజీలు తిప్పుతున్న కోదండరామయ్య ఒకచోట ఆగాడు. పైన 'ఎస్సై ఇల్లు' అని ఉంది. ఆయన భార్య తల్లికి రాసుకున్న జాబు నకలు. ఈయన ఇంట్లో కూడా పోలీసేనమ్మా, నా పెట్టె కూడా నేను లేనప్పుడు వెతుకుతారు, నవ్వాలన్నా భయంగా ఉంటుంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండోసారి చదివాడు. తర్వాత పద్మనాభయ్య చూశాడేమోనని తలెత్తాడు.

పద్మనాభయ్య గోడవైపు చూస్తున్నాడు. "నేను చదవలేదు సార్," అన్నాడు మెల్లగా.

కోదండరామయ్య ఆ పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీలో కూలబడి, "మంచివాడికి భయమెందుకన్నాను కదూ," అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

పద్మనాభయ్య చివరి పేజీ తిప్పాడు. అక్కడ ఒక చిన్న చీటీ గుండుసూదితో గుచ్చి ఉంది. పక్కన ఓబులేసు చేతిరాత: తారీకు 17-4-58, స్కూలు ప్యూను ద్వారా, అందిన టైము ఉదయం 10-15.

చీటీ మీద స్కూలు హెడ్మాస్టరు గారికి, ఈ రోజు నాకు ఒంట్లో బాగా లేనందున సెలవు మంజూరు చేయ ప్రార్థన అని ఉంది. ఆ చేతిరాత ఆయనకు తెలుసు. పొద్దున అజ్మత్ బీ బియ్యం డబ్బా మీద తను చూసిన, కొడుకు అడ్రసు రాసిపెట్టిన చేతిరాత అదే.  సూది లాగి చీటీ వెనక్కి తిప్పాడు.

'ఖాదర్ బండి. పత్తి బోరేల మధ్య. పెన్న ఒడ్డు దారి. పన్నెండు గంటలకు పత్తి మిల్లు వెనక. మీరు చెప్పింది చేసినాను. మా అక్కకు రాసిన జాబు మా ఇంటాయనకు చూపించవద్దు. దయచేసి నా జాబు నాకు ఇచ్చేయండి.'

నోటిమాటకు ఆవిరి పట్టేవాడు పుట్టలేదని గొప్పలు పోయిన నోరు ఎండిపోయింది. వీధికంతా జాబులు చదివి పెట్టే మనిషి ముందు కూర్చుని, ఆ మనిషికీ ఒక జాబు ఉంటుందని ఆయనకు తోచనే లేదు. ఆమె చెప్పింది కూడా. అక్క దగ్గర్నుంచి జవాబు రాలేదంది, ఈ పొద్దే పట్టుకోండంది, ఆ ఎర్రమరక తెచ్చి తన ముందు పెట్టింది. ఒక చేత్తో అలీ అహ్మద్‌ను అమ్ముకుని, రెండో చేత్తో ఆ అమ్మకాన్ని ఆపమని బతిమాలింది. తను వినలేదు.

"ఎవరి చీటీ?" కోదండరామయ్య చెయ్యి చాపాడు.

పద్మనాభయ్య చీటీ ఇచ్చాడు. ఇచ్చేముందు నోటుబుక్కులో ఆ టీచరు పేరున్న పేజీ వెతికి, అరచేత్తో కప్పి, చదవకుండా చింపి నాలుగు ముక్కలు చేశాడు.

"అది సాక్ష్యమండీ!"

"కాదు సార్. అది ఆ యమ్మ జాబు."

ఎస్సై తన జేబు తడుముకున్నాడు. తర్వాత చీటీ చదివాడు. చదువుతూనే గోడ గడియారం వైపు తిరిగాడు. పదకొండూ పన్నెండు.

"పదీ పదిహేనుకు అందింది. పదీ ఇరవైకి వెళ్లాడు, కంట్రాక్టరు మనుషుల దగ్గరికే," అన్నాడు. "యాభై రెండు నిమిషాలు. బండి ఇప్పుడెక్కడుంటుంది?"

"రెండు మైళ్లుంటాది. పెన్న ఒడ్డున ఇసుకదారి. ఎద్దులు పరిగెత్తలేవు."

కోదండరామయ్య రివాల్వరు నడుముకు తగిలించుకుని జీపు తీయమని కేకేశాడు. సున్నం కూలీలు నిచ్చెన దిగి పక్కకు పరిగెత్తారు. పద్మనాభయ్య గొడుగు అక్కడే వదిలేసి జీపులోకి దూకాడు.  ఇద్దరిలో ఒకరు కాపాడాలని కన్ను పెట్టారు, ఒకరు కాపాడాలని నోరు విప్పారు.

జీపు వీధి దాటుతున్నప్పుడు అజ్మత్ బీ వాకిట్లో నిలబడి కనిపించింది. కొడుకు కోసం అప్పుడే పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు చేతికి పిండి ఉంది. పక్కింటి తలుపు మూసి ఉంది. పద్మనాభయ్య ముఖం తిప్పుకున్నాడు.

పెన్న ఒడ్డున, రెండు మైళ్ల అవతల, ఖాదర్ బండి కిర్రు కిర్రుమంటూ వస్తూ ఉంటుంది. దానిలో పత్తి బోరేల మధ్య అలీ అహ్మద్, మూడు నెలల్లో మొదటిసారిగా తన జాడ ఎవరికీ తెలియదన్న ధీమాతో, కంటినిండా నిద్రపోతూ ఉంటాడు.